జీపును ఎత్తు చేస్తే స్టీరింగుకేమవుతుంది?

కొండదారుల్లోనూ, వాగుల్లోనూ, బురదలోనూ నడిచే జీపు తరహా బండ్లను మీరు చూసే ఉంటారు. వాటిలో కొన్ని మామూలు కంటే ఎత్తుగా, లావుపాటి టైర్లతో కనిపిస్తాయి. అడుగుభాగానికి రాళ్ళు తగలకూడదనీ, పెద్ద టైర్లకు చోటు కావాలనీ వాటి యజమానులు పొడవైన స్ప్రింగులు వేయించి ఎత్తు పెంచుతారు. బండి చూడడానికి దర్జాగానే ఉంటుంది. కాని రోడ్డెక్కాక చూడండి! బండి తిన్నగా పోతున్నా చేతిలోని స్టీరింగు వంకరగా ఉంటుంది. గతుకు తగిలినప్పుడల్లా అది దానంతటదే తిరుగుతుంది. మలుపు దాటాక ముందు చక్రాలు తమంతట తాము తిన్నగా రావు. మార్చింది స్ప్రింగులను కదా, స్టీరింగు ఎందుకు చెడింది? జవాబు మీ రేఖాగణితం పుస్తకంలోనే ఉంది.

ముందుగా బండి అడుగున ఏముందో చూద్దాం. సుజుకీ జిమ్నీ వంటి బండ్లలో ముందు చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసుకు ఉంటాయి. ఇరుసు మీద స్ప్రింగులు, వాటి మీద చట్రం. స్ప్రింగు బరువు మోస్తుందేగాని ఇరుసును దాని చోట నిలపలేదు. అందుకని ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా రెండు పొడవాటి చేతులు, పక్కకు జరగకుండా అడ్డంగా ఒక కడ్డీ అమరుస్తారు. ఫ్రాన్సు దేశపు మోటారు కంపెనీ పేరు మీద ఈ అడ్డకడ్డీని పనార్ రాడ్ అంటారు. స్టీరింగు కదలికను చక్రానికి అందించే మరో కడ్డీ డ్రాగ్ లింకు. వీటన్నిటికీ ఒక చివర చట్రం వైపు, రెండో చివర ఇరుసు వైపు ఉంటాయి. బందు మీద తిరిగే తలుపు అంచులాగే ఈ కడ్డీల చివరలు కూడా వృత్తచాపంలోనే కదలగలవు. కష్టమంతా అక్కడే ఉంది.

పైథాగరస్ చెప్పే సంగతి

పనార్ రాడ్ పొడవు 80 సెంటీమీటర్లు అనుకుందాం. అది నేలకు సమాంతరంగా ఉంటే అడ్డంగా ఆక్రమించే దూరం కూడా 80. చట్రాన్ని 10 సెంటీమీటర్లు ఎత్తితే కడ్డీ వాలుతుంది. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం ఇప్పుడు అడ్డదూరం 79.4 సెంటీమీటర్లు. అంటే ఇరుసు 6 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. ఇంకో 10 సెంటీమీటర్లు ఎత్తండి. అడ్డదూరం 77.5కు తగ్గుతుంది. ఈసారి జరిగింది 19 మిల్లీమీటర్లు! ఎత్తు పెంచింది అంతే, పక్కకు జరిగింది మూడు రెట్లు. కడ్డీ ఎంత ఎక్కువ వాలి ఉంటే, ప్రతి గతుకుకూ ఇరుసు అంత ఎక్కువగా పక్కకు ఊగుతుందన్నమాట.

వెనక్కి వాలిన ఇరుసు కీలు

మీ సైకిలును పక్కనుంచి చూడండి. హ్యాండిలు కింది గొట్టం నిటారుగా ఉండదు, కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు వెంబడి ఒక గీతను నేల దాకా పొడిగిస్తే, అది చక్రం నేలను తాకే చోటుకు ముందు పడుతుంది. గీతకు వెనక ఉన్న చక్రం బండి వెళ్ళే దిక్కుకే ఈడ్చుకొని వస్తుంది. జీపు చక్రాలు తిరిగే కీళ్ళకూ ఇలాంటి వాలే ఉంటుంది. దానిని కాస్టర్ కోణం అంటారు. మలుపు తిరిగాక స్టీరింగు తనంత తాను తిన్నగా రావడానికి ఇదే ముఖ్య కారణం.

ఇరుసును పట్టుకొనే చేయి 90 సెంటీమీటర్ల పొడవుంటే, చట్రాన్ని కేవలం 5 సెంటీమీటర్లు ఎత్తినా చేయి సుమారు 3 డిగ్రీలు తిరుగుతుంది. దానితోపాటు ఇరుసూ తిరుగుతుంది, కాస్టర్ కోణం అంత మేరకు తగ్గుతుంది. ఈ కోణం మొదటినుంచీ కొద్ది డిగ్రీలే గనుక 3 డిగ్రీలు పోతే మిగిలేది స్వల్పం. అందుకే బండి వేగంలో అటూ ఇటూ తిరగజూస్తుంది.

సరిదిద్దడం ఎలా?

మొదట కాస్టర్. చేతుల చివర రంధ్రం పక్కకు ఉన్న ప్రత్యేకమైన బుష్‌లు వేసిగాని, చట్రం వైపు చివరను కిందికి దించిగాని ఇరుసును మళ్ళీ వెనక్కి వాలుస్తారు. కమాన్లున్న పాత జీపుల్లో ఇరుసుకూ కమానుకూ మధ్య ఆప్పు ఆకారపు ఇనుప ముక్కను పెడతారు.

తరువాత పొడవు మార్చుకోగల పనార్ రాడ్ వేసి ఇరుసును బండి మధ్యకు తెస్తారు. దానికి తగినట్టు డ్రాగ్ లింకును కూడా సర్దితే స్టీరింగు తిన్నగా వస్తుంది.

ఇక ముఖ్యమైన సంగతి. పనార్ రాడ్, డ్రాగ్ లింకు వీలైనంతవరకు సమాంతరంగా, దాదాపు ఒకే పొడవుతో ఉండాలి. అప్పుడు గతుకు తగిలితే రెండూ ఒకే రకపు చాపంలో కదులుతాయి. ఇరుసు ఎంత జరిగితే డ్రాగ్ లింకు చివరా అంతే జరుగుతుంది. చక్రం మాత్రం తిరగదు. కొందరు పనార్ రాడ్ వాలును మాత్రం తగ్గించి, డ్రాగ్ లింకును అలాగే వదిలేస్తారు. అప్పుడు రెండు చాపాలూ వేరవుతాయి. డ్రైవరు కదపకుండానే గతుకే చక్రాన్ని తిప్పుతుంది! ఒకటి సరిచేసి రెండోది వదలడం ఏదీ చేయకపోవడం కంటే ప్రమాదం. వాలు మారిస్తే రెండింటినీ సమానంగా మార్చాలి.

సరిదిద్దలేనిది ఒకటుంది

కోణాలన్నీ కుదిరినా, పైకి లేచిన గరిమనాభి కిందికి దిగదు. చక్రాల మధ్య దూరంలో సగం 70 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తూ 70 అయితే, కదలకుండా నిలబడిన బండి లెక్కప్రకారం 45 డిగ్రీల దాకా పక్కకు ఒరిగి నిలవగలదు. ఆ ఎత్తు 80 అయితే 41 డిగ్రీలకే బోల్తా పడుతుంది. పైగా స్ప్రింగులు మార్చినంత మాత్రాన నేలనుంచి ఇరుసు ఎత్తు పెరగదు. దానికి పెద్ద టైర్లే కావాలి.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇలాంటి మార్పులకు హద్దులు పెట్టింది. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ హద్దుల వెనక ఉన్న కారణమేమిటో ఇప్పుడు మీరే లెక్క వేసి చూపగలరు.