మొదటి బండికే వెయ్యి సీసీ?

2011 సెప్టెంబర్ 11న హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద సుజుకి జీఎస్‌ఎక్స్-ఆర్ 1000 అదుపు తప్పింది. నడిపింది క్రికెట్ మాజీ కెప్టెన్ అజహరుద్దీన్ కొడుకు అయాజుద్దీన్, వయసు 19. అయిదు రోజులకు ఆసుపత్రిలో కన్నుమూశాడు. వెనక కూర్చున్న పదహారేళ్ల బంధువు అంతకుముందే పోయాడు.

ఆ బండి బరువు 200 కిలోల పైమాట, శక్తి సుమారు 180 హార్స్‌పవర్. పల్నాడు జిల్లా బొల్లాపల్లి నుంచి వినుకొండకు తిరిగే స్ప్లెండర్‌ది ఎనిమిది. గేదెలు అడ్డొచ్చే రోడ్డుకు ఆ ఎనిమిదే ఎక్కువనిపిస్తుంది ఒక్కోసారి!

భయం వేయగానే కొత్తవాడు హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటాడు. ఆ కంగారులో మణికట్టు తిరిగి రేజ్ పెరుగుతుంది. చిన్న బండి గుర్రుమని కాస్త ముందుకు జరుగుతుంది. వెయ్యి సీసీ బండి ముందు చక్రం లేపుతుంది, లేదా తేరుకునేలోపే ఎదుటి లారీ దగ్గరకు చేరుస్తుంది. మలుపులో కంకరో, ఎండబోసిన ధాన్యమో ఉంటే బ్రేకు నొక్కినా జారుడే. 125 సీసీ దాటిన కొత్త బళ్లకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందే గానీ, కంకర మీద పట్టును సృష్టించలేదు.

ఐరోపాలో లైసెన్సుకు మెట్లున్నాయి: మొదట 125 సీసీ, తర్వాత 35 కిలోవాట్లు, ఆపైన పెద్దవి. మన దగ్గర 18 నిండి గేరు బండి లైసెన్సు చేతికొస్తే వంద సీసీ అయినా, వెయ్యి అయినా ఒకటే. మైనరుకు బండిస్తే మాత్రం పెద్దలకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు.

కాబట్టి మెట్లు ఇంట్లోనే కట్టుకోవాలి. మొదటి ఏడాదికి 100 నుంచి 150 సీసీ చాలు. సెకండ్‌హ్యాండ్‌దైతే మరీ నయం, పడినా గీతలకు ఏడవక్కర్లేదు.