మీ ఊళ్లో కొత్త జ్వరం మొదలైతే ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు బయటపడింది నెల్లూరులోనే. ఇటలీ నుంచి వచ్చిన యువకుడికి పాజిటివ్ అని 2020 మార్చి 12న తేలింది. ఏడాది తిరిగాక, 2021 మేలో అదే జిల్లాలోని కృష్ణపట్నం పేరు దేశమంతా వినిపించింది. బెడ్లు, ఆక్సిజన్ దొరక్క జనం అల్లాడుతున్న రోజుల్లో ఆనందయ్య మందు కోసం వేలమంది ఆ ఊరికి పోటెత్తారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరిశీలన చేయించి, కంటి చుక్కలను పక్కనపెట్టి కొన్ని మందులకు మే 31న అనుమతి ఇచ్చింది. ఆ మందుతో కోవిడ్ తగ్గుతుందని మాత్రం రుజువు కాలేదు.

ఆ క్యూలలో నిలబడ్డవాళ్లను ఎగతాళి చేయడం తేలిక. ఆసుపత్రిలో చోటు ఉందని నమ్మకం ఉంటే అంతమంది వెళ్లేవారా?

మరి ఇప్పుడు ఏం మారింది?

ముందు అధికారం ఎవరిదో చూద్దాం. రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రానివి. పోర్టుల్లో క్వారంటైన్ కేంద్రానిది. అంటే కృష్ణపట్నం పోర్టులో ఆగిన ఓడలో ఎవరికైనా అంటువ్యాధి సోకితే ఢిల్లీ చూసుకోవాలి. అదే జబ్బు గేటు దాటి ముత్తుకూరు వస్తే బాధ్యత రాష్ట్రానిది. వైరస్‌కు ఆ గేటు తెలియదు కాబట్టి రెండు వైపులా సమాచారం ఒకేసారి అందాలి.

అందుకోసమే ఐహెచ్ఐపీ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ఉంది. పాత పద్ధతిలో జబ్బుల లెక్కలు వారానికోసారి పైకి వెళ్లేవి. ఇప్పుడు ఏఎన్ఎం గ్రామంలో గమనించిన లక్షణాలను, పీహెచ్‌సీ డాక్టర్ తన అనుమానాన్ని, ల్యాబ్ పరీక్ష ఫలితాన్ని ఎప్పటికప్పుడు ఎక్కించవచ్చు. ఒకే ఊళ్లో జ్వరాలు అసాధారణంగా పెరిగితే జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కు తెలియాలి.

చిక్కంతా ఇక్కడే. మైపాడులో వేట నుంచి వచ్చిన మనిషికి ఒళ్లు కాలిపోతుంటే మొదట ఎక్కడికి వెళ్తాడు? మెడికల్ షాపుకో, ఆర్‌ఎంపీ దగ్గరికో. రెండు మాత్రలు వేసుకుని మర్నాడు మళ్లీ పడవెక్కుతాడు. ఆ జ్వరం ఏ స్క్రీన్ మీదా కనిపించదు. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా, ఎవరో ఒకరు నమోదు చేస్తేనే అది పనిచేస్తుంది.

భవనాలు, పరికరాల కోసం కేంద్రం 2021 అక్టోబరులో పీఎం-అభిమ్ పథకం తెచ్చింది. జిల్లాకో సమగ్ర ప్రజారోగ్య ల్యాబ్, 5 లక్షలకు పైగా జనాభా ఉన్న జిల్లాల్లో క్రిటికల్ కేర్ బ్లాక్ దాని లక్ష్యాలు.

చట్టాలు మాత్రం ముసలివి. కోవిడ్ ఆంక్షలకు ప్రధాన ఆధారం 1897 నాటి అంటువ్యాధుల చట్టం, దానితోపాటు 2005 విపత్తు నిర్వహణ చట్టం. మొదటిది బొంబాయి ప్లేగు కాలంలో నాలుగే సెక్షన్లతో పుట్టింది. 2020లో ఆరోగ్య సిబ్బందిపై దాడులకు శిక్షలు చేర్చారు. పరీక్షలు, మందుల నిల్వలు, సమాచారం ఎవరు చూడాలో అది చెప్పదు. నీతి ఆయోగ్ నిపుణుల బృందం 2024 సెప్టెంబరు నివేదికలో ప్రత్యేక చట్టం కావాలని సూచించింది. వ్యాధి మొదలైన తొలి 100 రోజులే కీలకమని, ఆలోపు ఏం చేయాలో ముందే సిద్ధం చేసుకోవాలని చెప్పింది.

ఈలోగా మీరు చేయగలిగేది ఒకటుంది. మీ వీధిలో నాలుగైదు ఇళ్లలో ఒకేలాంటి జ్వరమో, విరేచనాలో కనిపిస్తే వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోకండి. సచివాలయం ఏఎన్ఎంకో, ఆశా కార్యకర్తకో చెప్పండి. వాళ్లు అందకపోతే 104కు ఫోన్ చేయండి. అత్యవసరమైతే 108. ప్రైవేటు డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఈ జబ్బును ప్రభుత్వానికి తెలియజేశారా అని ఒక్క మాట అడగండి.