కొలనులో దిగిన శాస్త్రజ్ఞుడు

సినిమాశాలలో అసలు కథ ఆరంభమగుటకు ముందు ఒక వార్తాచిత్రమునో డాక్యుమెంటరీనో చూపు ఆచారము మన దేశమున చిరకాలము సాగినది. 1948లో బొంబాయిలో వెలసిన ఫిల్మ్స్ డివిజన్ వానిని నిర్మించి ఊరూరికి పంపెడిది. ఆనకట్టలు, కర్మాగారములు, టీకాలు, మేలురకపు విత్తనములు వానిలో తరచు కనిపించు విషయములు. ప్రేక్షకులు పలువురు ఆ కొద్ది నిమిషములు గడచిన పిమ్మటనే తీరికగా లోనికి వచ్చెడివారు. డాక్యుమెంటరీ యనగా ఎవరో ముందే నిర్ణయించిన సంగతిని మనకు అప్పగించు పాఠమను భావము ఆ విధముగా నాటుకొన్నది.

అయితే, సమాధానమును అప్పగించుటకు గాక ప్రశ్నను మేల్కొలుపుటకు పుట్టిన చిత్రములును కలవు. ఆ సంస్థలోనే ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో ‘ఐ యామ్ ట్వంటీ’ యను చిత్రమును తీసి, స్వాతంత్ర్యముతోపాటు పుట్టిన యువజనులను దేశమును గూర్చి ప్రశ్నించి, వారి ఆశను, విసుగును ఒకే చోట వినిపించెను. ఒక దేశమును గాక మానవజాతినే అట్లు ప్రశ్నించిన చిత్రమాల యొకటి ఇంగ్లండులో వెలువడినది. 1973లో బి.బి.సి. టెలివిజను ప్రసారము చేసిన ఆ పదుమూడు భాగముల చిత్రమాల పేరు ‘ది ఎసెంట్ ఆఫ్ మ్యాన్’. మానవుని ఆరోహణమని దాని యర్థము. రచయిత, వ్యాఖ్యాత జేకబ్ బ్రొనోవ్‌స్కీ.

బ్రొనోవ్‌స్కీ 1908లో, నేడు పోలెండులో నున్న వూచ్ నగరమున, ఒక యూదు కుటుంబమున జన్మించెను. బాల్యముననే ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జిలో గణితశాస్త్రము నభ్యసించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బాంబుల వలన కలుగు నష్టమును లెక్కకట్టు పనిలో నుండెను. 1945లో అణుబాంబు పడిన నాగసాకిని కన్నులార చూచి వచ్చెను. విజ్ఞానము చేయగల మేలును కీడును ఎరిగినవాడు కనుకనే ఆయన మాటకు బరువు కలిగినది.

చిత్రమాలలో పదునొకండవ భాగము తక్కినవానికంటె భిన్నమైనది. జ్ఞానమా, నిశ్చయమా అనునది దాని శీర్షిక. ఒక అంధురాలు ఒక వృద్ధుని ముఖమును చేతివ్రేళ్లతో తడవి, అది ఎట్టి ముఖమో చెప్పుటతో అది ప్రారంభమగును. తరువాత ఒక చిత్రకారుడు అదే ముఖమును చిత్రించును. ఆ పిమ్మట కంటికి కానరాని కిరణములతో దానినే చూపుదురు. ప్రతి సాధనము కొంత చూపును, కొంత దాచును. ఏ ఒక్కటియు ‘ఇదే తుదిరూపము’ అని చెప్పజాలదు.

అక్కడినుండి కథ జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయమునకు సాగును. ఒకే నక్షత్రమును పదిమంది పరిశీలించినచో పది కొలతలు వచ్చును. ఆ తేడాలకును ఒక క్రమము కలదని గౌస్ అచ్చట నిరూపించెను. అచ్చటనే కొంతకాలము పనిచేసిన హైసెన్‌బర్గ్, పరమాణువులోని కణముయొక్క స్థానమును వేగమును ఒక్కమారుగా పూర్తి నిర్దుష్టతతో తెలిసికొనుట అసాధ్యమని 1927లో ప్రకటించెను. లోకము దానిని అనిశ్చితత్వ సూత్రమనినది. బ్రొనోవ్‌స్కీకి ఆ పేరు రుచింపలేదు. ఆయన దానికి ‘టాలరెన్స్’ అని పేరు పెట్టెను. యంత్రము చేయువాడు భాగమునకు భాగమునకు నడుమ విడుచు వెసులుబాటునకు ఇంగ్లీషున ఆ పేరు. తోటివాని భిన్నాభిప్రాయమును ఓర్చు సహనమునకును అదియే పేరు. వెసులుబాటు లేని యంత్రము పట్టివేయును. సహనము లేని సమాజము గతియు అంతే.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. గోటింగెన్ పండితులు చెల్లాచెదరైరి. కథ చివరకు ఆష్‌విట్జ్ చేరును. అది నాజీలు మనుష్యులను చంపుటకై నడపిన శిబిరము. బ్రొనోవ్‌స్కీ బంధువులు అనేకులు అచ్చటనే మరణించిరి. మృతుల బూడిద కలిపిన కొలనులోనికి ఆయన బూట్లతోనే దిగి, వంగి, అడుగుననున్న బురదను పిడికిట పట్టి పైకి తీయును. ఈ ఘోరమునకు కారణము విజ్ఞానము కాదనియు, ఎట్టి పరీక్షకును లోబడని నిశ్చయబుద్ధియే యనియు ఆయన వాదము.

ఆ వాదమును సయితము ప్రశ్నింపవచ్చును. ఆ శిబిరమున పట్టభద్రులైన వైద్యులు పనిచేసిరి. విషవాయువును తయారుచేసినవారు రసాయనశాస్త్రము నెరిగినవారే. చదువు వారి చేతిని ఆపలేదు. శాస్త్రము నేర్చుట వేరు, శాస్త్రబుద్ధి యలవడుట వేరు.

మరియొక విశేషము కలదు. ఆ కొలనుకడ నిలిచి, అందు కలిసినది సుమారు 40 లక్షలమంది బూడిద యని బ్రొనోవ్‌స్కీ చెప్పెను. యుద్ధానంతరము సోవియట్ విచారణసంఘము ప్రకటించిన సంఖ్య యది. తరువాతి చరిత్రకారులు ఏ దేశమునుండి ఎందరిని రైళ్లలో తరలించిరో కూడి చూచి, అచ్చట మరణించినవారు సుమారు 11 లక్షలమంది యనియు, వారిలో దాదాపు పది లక్షలమంది యూదులనియు నిర్ణయించిరి. లెక్క తప్పినది కనుక నేరమే జరుగలేదనువారు కొందరు బయలుదేరిరి. అదియు నిశ్చయబుద్ధికి మరియొక రూపమే. సంఖ్యను దిద్దినవారు నేరమును తేలికపరుపలేదు, సాక్ష్యమును గట్టిపరచిరి. పొరపాటు అనివార్యమనియు దిద్దుబాటు ధర్మమనియు బోధించిన చిత్రమునకే దిద్దుబాటు జరిగినది. దాని సందేశమునకు ఇంతకుమించిన నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

సంశయము మనిషిని చెరుచునను మాట మనకు క్రొత్త కాదు. కాని గౌతముని న్యాయదర్శనమున పదునారు పదార్థములలో సంశయము మూడవది, నిర్ణయము తొమ్మిదవది. సంశయమునుండి బయలుదేరి, దృష్టాంతమును, తర్కమును దాటినగాని నిర్ణయము చేకూరదు. మొదటి మెట్టును త్రోసివేసి తొమ్మిదవ మెట్టు నెక్కగోరుటయే ప్రమాదము.

నేడు చలించు బొమ్మలు తెరను విడిచి అరచేతిలోనికి వచ్చినవి. ఎన్నడును జరుగని దానిని జరిగినట్లు చూపగల యంత్రములును పుట్టినవి. రేపటి పౌరునికి కావలసినది మరిన్ని దృశ్యములు కాదు. ఎవరు చూచిరి, ఎక్కడనుండి చూచిరి, తప్పైనచో దిద్దుటెట్లు అని అడుగు అలవాటు. ఉపాధ్యాయుడు పై తరగతులవారికి ఆ కొలను దృశ్యమును చూపి, నల్లబల్లపై 40 లక్షలు, 11 లక్షలు అని రెండు సంఖ్యలను వ్రాసి, మొదటిది రెండవది ఎట్లయ్యెనని అడిగి ఊరకుండవచ్చును. అక్కడినుండి పాఠమును పిల్లలే నడుపుదురు.