మెకానికల్ సీటు వచ్చిన ఇల్లు



దివిసీమలో నాగాయలంక దాటిన తరువాత మన సంఘ కుటుంబమొకటి ఉన్నది. తండ్రి పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. మూడేళ్ళ క్రితము జూలై నెలలో ఒక సాయంత్రము మేము ఆ ఇంటికి వెళ్ళేసరికి లోపల నుండి ఏడుపు వినిపించింది. ఎవరికేమైనదోనని కంగారు పడ్డాము. తీరా చూస్తే పెద్దబ్బాయికి ఇంజనీరింగులో సీటు వచ్చింది! వచ్చినది మెకానికల్. కంప్యూటరు రాలేదని తల్లి ఏడుస్తున్నది. గుడివాడలో ఉన్న మేనమామ ఫోనులోనే తీర్పు చెప్పేశాడు: “మెకానికల్ చదివి ఏం చేస్తాడక్కా? ఒక ఏడు ఆగి మళ్ళీ పరీక్ష వ్రాయించు.”

తండ్రి మాత్రము చేతి గ్రీజు తుడుచుకుంటూ, “ఇంజన్ల చదువేగా అయ్యగారూ, అందులో తప్పేముంది?” అన్నాడు.

ఏమి సలహా చెప్పాలో మాకును తెలియలేదు. మేము చదివినది థియాలజీ డిప్లొమా. అందులోనూ గ్రీకు పేపరు రెండవసారి వ్రాసి గట్టెక్కినవారము. అందుచేత తెలిసినవారిని అడిగి, ఆ అబ్బాయి పుస్తకాలు తిరగవేసి, ఈ మూడేళ్ళలో తెలుసుకొన్నది మీ ముందు ఉంచుచున్నాము.

బందరు చదువుల ఊరే. 1843లో రాబర్టు నోబుల్ దొరగారు పెట్టిన ఇంగ్లీషు బడి తరువాత నోబుల్ కాలేజీ అయినది. కాని ఇంజనీరు కావాలంటే ఒకప్పుడు మన పిల్లవాడు కాకినాడకో, వాల్తేరుకో, మద్రాసు గిండీకో పోవలసినదే. 1977లో విజయవాడ ప్రక్కన కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. అదే సంవత్సరము నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. ఆ ఏడు మా పెద్దలు వెదకినది కాలేజీలను కాదు, కొట్టుకుపోయిన తమ వారిని. 1998లో గుడ్లవల్లేరులో ఇంజనీరింగు కాలేజీ ప్రారంభమైన తరువాతనే టిఫిను డబ్బాతో గుడివాడ–బందరు రైలెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే ఇంజనీరింగు విద్యార్థులను మనము చూడగలిగాము.

ఇక చదువు సంగతి. నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. మొదటి సంవత్సరములో ఇంజను దాదాపు కనబడదు! ఈ మాట పిల్లలకు ఎవరూ ముందుగా చెప్పరు. గణితము, భౌతిక శాస్త్రము, ఇంగ్లీషు, డ్రాయింగు, వర్క్‌షాపు. వర్క్‌షాపులో ఇనుపముక్కను ఆకురాయితో గంటల తరబడి అరగదీసి, రెండు ముక్కల మధ్య వెలుతురు దూరకుండా అతికేటట్లు చేయాలి. మన అబ్బాయికి అది ఆటలాగే ఉండెను. గణితము, డ్రాయింగు అలా లేవు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమము. క్లాసులో సగము మాటలు తలమీదుగా పోయేవట.

మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చిన రోజున పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చేశాడు. రెండూ పోయినవి. “నేను ఐసు ఫ్యాక్టరీలో చేరిపోతా నాన్నా” అన్నాడు. తండ్రి రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజున, “సరే, పద” అని తానే తీసుకొని వెళ్ళాడు. మమ్మును కూడా రమ్మన్నాడు.

చేపలకు ఐసు తయారుచేసే ఆ షెడ్డులో అబ్బాయి ఒక గొట్టము మీద చేయి పెట్టి చటుక్కున తీసుకొన్నాడు. కాలినది. అదే యంత్రములో ఇంకొక గొట్టము మీద తెల్లగా మంచు పట్టి ఉన్నది. “రెండింటిలోనూ అమ్మోనియాయేగా, ఇదెందుకు వేడి, అదెందుకు చల్లన?” అని అడిగాడు. అక్కడి ఆపరేటరు ఇరవయ్యేళ్ళ అనుభవము గలవాడు. “అది అంతే బాబూ” అన్నాడు.

జవాబు అబ్బాయికి రెండవ సంవత్సరములో థర్మోడైనమిక్స్ పుస్తకములో దొరికింది. మాకు వివరించినది ఇట్లున్నది. కంప్రెసరు అమ్మోనియా ఆవిరిని బలముగా నొక్కుతుంది గనుక అది వేడెక్కుతుంది. ఆ వేడిని నీళ్ళు లాగుకొనగా ఆవిరి ద్రవమవుతుంది. సన్నని వాల్వు గుండా వదలగానే ఒత్తిడి పడిపోయి ఆ ద్రవము మరుగుతుంది. మామూలు గాలి ఒత్తిడిలో అమ్మోనియా సున్నకు 33 డిగ్రీల క్రిందనే మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న ఉప్పునీటి నుండి లాగుకొంటుంది. ఉప్పునీరు సున్న డిగ్రీల దగ్గర గడ్డకట్టదు గనుక తొట్టెలో నీరుగానే ఉంటుంది. దానిలో దించిన డబ్బాలలోని మంచినీరు మాత్రము ఐసు అవుతుంది. ఇన్నాళ్ళూ సైకిలు మీద పోయే ఐసు దిమ్మను చూస్తున్నాము గాని ఇంత కథ ఉన్నదని మేమెరుగము.

అయితే ఆ రోజున జవాబు దొరకలేదు. దొరకకపోవుటయే మంచిదైనది. సోమవారము బస్సెక్కి తిరిగి వెళ్ళాడు. సప్లిమెంటరీ ఫీజుకు తల్లి చెవిదిద్దులు తాకట్టులోకి వెళ్ళినవి.

డ్రాయింగు నేర్పినది మన సంఘములోని మరొక యువకుడు. అతడు పదవ తరగతి తరువాత పాలిసెట్ వ్రాసి, మూడేళ్ళ డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా నేరుగా ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరినవాడు. సబ్బుపెట్టెను చేతిలో పట్టుకొని ముందు నుండి, పైనుండి, ప్రక్క నుండి చూపించి గీయించాడు. పల్లెటూరి పిల్లలకు ఈ డిప్లొమా దారి మంచిదని మా అభిప్రాయము. చేతిపని ముందు వచ్చును, లెక్కలు తరువాత వచ్చును.

ఫీజు రీయింబర్స్‌మెంటు ఉన్నదని ధైర్యముగా చేర్చుతారు. నిజమే, అది లేకపోతే మన ఇండ్లలో అనేకులు చదివేవారు కారు. కాని సొమ్ము విడుదల ఆలస్యమైతే ఆ బరువు ఇంటి మీదికే వచ్చును. ఆదాయ, కుల ధ్రువపత్రాలు సీటు వచ్చిన తరువాత గాక ముందే తీసుకొని ఉంచండి. క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారు మన రాష్ట్రములో బి.సి.–సి క్రిందికి వస్తారు. దాని రిజర్వేషను 1 శాతమే. తెలిసి దరఖాస్తు చేయుట మేలు.

ఉద్యోగాలా? దాచవలసినది లేదు. కంప్యూటరు బ్రాంచి పిల్లలతో పోల్చితే మొదటి జీతము తరచుగా తక్కువే. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేరులో చేరినవారూ ఉన్నారు. అయితే బందరులోని ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకొన్నది. చీకటిలో చూచే పరికరాలు అక్కడ తయారవుతాయి. 2025 అక్టోబరులో నిమ్మలూరులో దాని కొత్త ఫ్యాక్టరీ ప్రారంభమైనది. గేట్, రైల్వే పరీక్షలు ఉన్నవి. రైసు మిల్లులు, చేపల చెరువులలో తిరిగే ఏరేటర్లు, కోత యంత్రాలు మన కళ్ళ ముందే ఉన్నవి. వాటిని విప్పి చూడాలని చేతులు దురద పెట్టని పిల్లవానిని మాత్రము ఈ బ్రాంచిలోకి నెట్టకండి. ఆడపిల్లలు ఇందులో తక్కువగా కనబడతారు. ఏ నియమమూ అడ్డములేదు, మన అలవాటే అడ్డము.

మొన్న వేసవి సెలవులలో ఆ ఇంటికి వెళ్ళాము. వాకిట్లో డీజిలు ఇంజను విప్పి ఉన్నది. పెట్రోలు ఇంజనుకు ఉన్నట్లు దీనికి ప్లగ్గు ఎందుకు లేదో అబ్బాయి తమ్మునికి చెబుతున్నాడు. గాలిని గట్టిగా నొక్కితే అది ఎంత వేడెక్కుతుందంటే చిమ్మిన డీజిలు దానంతట అదే అంటుకొంటుందట. “అది నాకు తెలియదా?” అని తండ్రి. “తెలుసు గాని ఎందుకో తెలియదుగా నాన్నా” అని కొడుకు. ఇద్దరూ వాదులాడుకొంటుండగా తల్లి మాకు టీ తెచ్చింది. చెవులకు దిద్దులు ఇంకా రాలేదు.

గణితము రెండవ ప్రయత్నములో, డ్రాయింగు మూడవ ప్రయత్నములో పోయినవి పోయి వచ్చినవి. రెండవ సంవత్సరము సబ్జెక్టు ఒకటి ఇంకా మిగిలి ఉన్నది. దాని పరీక్ష వచ్చే నెలలో. తేదీ అడిగి మా డైరీలో వ్రాసుకొన్నాము.