ఆటల పట్టికలో ఆరోగ్యం



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన యౌవనస్థులకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆటల పోటీలు. వాటికి మ్యాచ్‌ల పట్టిక వేయడానికి ఇప్పుడు కంప్యూటరు సాయం కూడా ఉంది. ఆరోగ్య పత్రికలో ఈ విషయం ఎందుకని మీరు అడగవచ్చు. మాకు ఎదురైన ఒక సంఘటన చెప్పి మొదలుపెడతాము.

కోకాపేటకు దగ్గరలో ఒక మైదానం అద్దెకు తీసుకుని మేము వేసవి పోటీలు జరిపాము. వాలీబాల్‌కు ఎనిమిది జట్లు వచ్చాయి. పక్కనే షటిల్ పోటీలు కూడా పెట్టాము. వాలీబాల్ పట్టిక ఒకరు చార్టు మీద రాశారు, షటిల్ పట్టిక మరొకరు నోటు పుస్తకంలో రాశారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక తమ్ముడి పేరు రెండు పట్టికల్లోనూ ఉంది. ఉదయం పదకొండు నుండి ఒంటిగంటన్నర లోపల అతడు రెండు వాలీబాల్ ఆటలు, ఒక షటిల్ ఆట ఆడాడు. మధ్యలో కూర్చున్నది లేదు, సరిగా నీళ్ళు తాగిందీ లేదు. మూడవ ఆట చివరిలో పిక్కలు పట్టేసి, కళ్ళు తిరిగి కోర్టులోనే కూలబడ్డాడు. చూడడానికి వచ్చినవారిలో ఇద్దరు నర్సులు ఉండబట్టి వెంటనే నీడకు చేర్చి, తడి తువాళ్ళు వేసి, కాస్త తేరుకున్నాక ఓఆర్ఎస్ తాగించారు. సాయంత్రానికి కోలుకున్నాడు. "వాడు అంతగా ఎందుకు ఆడాలి?" అని కొందరు అన్నారు. కానీ అతడు మేము పిలిచినప్పుడల్లా కోర్టులోకి వచ్చాడు, అంతే. తప్పు పట్టికది, అంటే మాది.

మైదానాలు తక్కువ, జట్లు ఎక్కువ

మా ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అంత విలువైన నేల మీద ఆటస్థలం దొరకడం కష్టం. దొరికినా గంటల లెక్కన అద్దె కట్టాలి. ఉద్యోగస్థులకు తీరిక ఉండేది శని, ఆదివారాలే. అందుకని ఉన్న కాస్త సమయంలో అన్ని ఆటలూ కుక్కేయాలని అనిపిస్తుంది. ఆ తొందరలో ముందుగా పోయేది ఆటగాళ్ళ విశ్రాంతి.

కోకాపేటకు దగ్గరలోని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో 2009 ఆగస్టు 10 నుండి 16 వరకు ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ జరిగింది. పురుషుల సింగిల్స్, మహిళల సింగిల్స్, పురుషుల డబుల్స్, మహిళల డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ అని ఐదు విభాగాలు ఏడు రోజుల్లో పూర్తి చేశారు. మన సైనా నెహ్వాల్ అందులో క్వార్టర్ ఫైనల్ వరకు వెళ్ళింది. ఇటువంటి పోటీల్లో ఒకే క్రీడాకారిణి రెండు విభాగాల్లో ఆడుతుంటుంది. మన హైదరాబాదు క్రీడాకారిణి గుత్తా జ్వాల 2012 లండన్ ఒలింపిక్స్‌లో అశ్విని పొన్నప్పతో మహిళల డబుల్స్, వి. దిజుతో మిక్స్‌డ్ డబుల్స్ ఆడింది. అటువంటివారి ఆటలు ఒకదానిమీద ఒకటి పడకుండా, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి ఉండేలా పట్టిక వేయాలి. మా తమ్ముడి విషయంలో మేము చేయనిది సరిగ్గా అదే.

ముందు లెక్క చూసుకోండి

కంప్యూటరు దగ్గరకు వెళ్ళే ముందు కాగితం మీద ఒక చిన్న లెక్క వేయాలి. మా వాలీబాల్ పోటీనే తీసుకుందాము. జట్లు 8, కోర్టు ఒకటి, ఒక్కో ఆటకు 45 నిమిషాలు.

- ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతో ఆడే లీగ్ పద్ధతిలో 28 ఆటలు వస్తాయి. అంటే 21 గంటలు.
- ఓడినవారు ఇంటికి వెళ్ళే నాకౌట్ పద్ధతిలో 7 ఆటలే. అంటే 5 గంటల 15 నిమిషాలు. కానీ దూరం నుండి వచ్చిన నాలుగు జట్లు ఒక్క ఆటతోనే తిరిగి వెళ్ళాలి.
- నాలుగేసి జట్లతో రెండు గ్రూపులు చేస్తే లీగ్ ఆటలు 12, సెమీఫైనల్స్ 2, ఫైనల్ 1. మొత్తం 15 ఆటలు, 11 గంటల 15 నిమిషాలు. ప్రతి జట్టుకూ కనీసం మూడు ఆటలు దొరుకుతాయి.

ఈ లెక్క వేయకుండా "అందరూ అందరితో ఆడాలి" అని ముందే మాట ఇచ్చేస్తే, ఆ తరువాత ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా చేయగలిగింది ఏమీ ఉండదు.

పాదిరి గారి లెక్క

లీగ్ ఆటలకు జతలు కలిపే సులువైన పద్ధతి ఒకటి ఉంది. దీనికి మూలం ఇంగ్లండులోని లాంకషైరులో పాదిరిగా ఉంటూ గణితం మీద కృషి చేసిన థామస్ కర్క్‌మన్ 1847లో ప్రచురించిన పత్రమని చెబుతారు. పదిహేను మంది బడి పిల్లలు రోజూ ముగ్గురేసి చొప్పున వరుసలుగా నడవాలి. వారం రోజుల్లో ఏ ఇద్దరూ రెండుసార్లు ఒకే వరుసలో పడకూడదు. 1850లో ఈ చిక్కు లెక్క ఇచ్చినది కూడా ఆయనే.

పద్ధతి ఇది. ఆరు జట్లు ఉన్నాయనుకోండి. 1వ జట్టును కదలకుండా ఉంచి, మిగిలిన ఐదింటినీ రౌండుకు ఒక స్థానం చొప్పున గుండ్రంగా తిప్పాలి.

మొదటి రౌండు: 1–6, 2–5, 3–4
రెండవ రౌండు: 1–5, 6–4, 2–3
మూడవ రౌండు: 1–4, 5–3, 6–2
నాలుగవ రౌండు: 1–3, 4–2, 5–6
ఐదవ రౌండు: 1–2, 3–6, 4–5

పదిహేను ఆటలూ వచ్చాయి, ఒక్కటీ రెండుసార్లు రాలేదు. ఒకే కోర్టులో ఇదే వరుసలో ఆడిస్తే ఏ జట్టూ వెంటవెంటనే రెండు ఆటలు ఆడదు. కావాలంటే వేలుపెట్టి సరిచూడండి. జట్లు ఐదే అయితే ఆరవ అంకెను ఖాళీగా వదలండి. ఆ అంకెతో జత పడిన జట్టుకు ఆ రౌండులో విశ్రాంతి. దానినే మనవాళ్ళు "బై" అంటారు.

కంప్యూటరు చేసే పని

జట్ల సంఖ్య చిన్నదైతే ఈ కాగితం పద్ధతి చాలు. రెండు మూడు ఆటలు, రెండు మూడు కోర్టులు, రెండింటిలోనూ ఉన్న ఆటగాళ్ళు, మధ్యలో వాన, ఇవన్నీ కలిస్తే మనిషి బుర్రకు అందదు. అక్కడ సాఫ్ట్‌వేర్ ఉపయోగపడుతుంది. బ్యాడ్మింటన్‌కు టోర్నమెంట్ ప్లానర్, చదరంగానికి స్విస్ మేనేజర్, గల్లీ క్రికెట్‌కు క్రిక్‌హీరోస్ వంటివి మన దేశంలో వాడుకలో ఉన్నాయి. చిన్న పోటీలకు ఎక్సెల్ కూడా సరిపోతుంది.

ఆ మరుసటి ఏడు మా యౌవనస్థులు కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఈసారి నర్సులను కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాము. జట్ల పేర్ల కంటే ముందు ఈ షరతులు రాసుకున్నాము.

1. ఉదయం పదిన్నర నుండి సాయంత్రం నాలుగున్నర వరకు ఆట లేదు.
2. ఆదివారం ఉదయం ఆరాధన సమయం, కాబట్టి ఆట లేదు.
3. ఒక జట్టు ఆడిన తరువాత కనీసం ఒక ఆట విరామం ఉండాలి.
4. రెండు ఆటల్లో పేరు ఇచ్చినవారికి రెండు పట్టికలూ కలిపి చూడాలి.
5. ఒకరికి ఒక పూటలో రెండు ఆటలకు మించకూడదు.

మొదట ఆశకొద్దీ 28 ఆటల లీగ్ అడిగాము. ఇన్ని ఆటలకు చోటు లేదని కంప్యూటరు మొహం మీదే చెప్పింది. మనుషులైతే మొహమాటపడి "ఎలాగో సర్దుదాంలే" అంటారు. ఆ సర్దుబాటే అంతకుముందు ఏడు ఒక తమ్ముడిని పడగొట్టింది. కంప్యూటరుకు మొహమాటం లేదు. మాకు అది చేసిన పెద్ద మేలు అదే.

చివరకు రెండు గ్రూపుల పద్ధతికి వచ్చాము. శనివారం ఉదయం ఆరు నుండి పదిన్నర వరకు ఆరు లీగ్ ఆటలు, సాయంత్రం నాలుగున్నర నుండి తొమ్మిది వరకు మిగిలిన ఆరు. ఆదివారం సాయంత్రం సెమీఫైనల్స్, ఫైనల్. ఇక్కడ కూడా ఒక పొరపాటు బయటపడింది. రెండవ సెమీఫైనల్ గెలిచిన జట్టు వెంటనే ఫైనల్‌కు దిగవలసి వస్తోంది. మా మూడవ షరతు తప్పిందని తెరమీద ఎర్ర గుర్తు పడింది. అందుకని మధ్యలో స్త్రీల త్రోబాల్ ఆట పెట్టాము. ఆటగాళ్ళకు 45 నిమిషాల విశ్రాంతి దొరికింది. ఆ రోజు ఎక్కువ చప్పట్లు పడినది కూడా ఆ త్రోబాల్ ఆటకే!

కంప్యూటరుకు తెలియనివి

అలాగని అంతా దానికే వదిలేయకూడదు. మనం చెప్పినదే దానికి తెలుస్తుంది. పటాన్‌చెరు వైపు నుండి రెండు బస్సులు మారి వచ్చే జట్టుకు మొదట ఉదయం ఆరు గంటల ఆట వేసింది. సాయంత్రం ఒకవైపు ఆడేవారి కళ్ళలో ఎండ పడుతుందని దానికి తెలియదు. ఇవి మేము చేత్తో మార్చుకున్నాము.

పోటీ పద్ధతిలోనే లోపం ఉంటే పట్టిక దానిని సరిదిద్దలేదు. 2012 లండన్ ఒలింపిక్స్ మహిళల డబుల్స్‌లో తొలిసారి గ్రూపు లీగ్ పెట్టారు. ముందే నాకౌట్‌కు చేరిన కొన్ని జంటలు, తరువాత తేలిక ప్రత్యర్థి దొరకాలని కావాలనే ఓడిపోవడానికి ఆడాయి. చైనా, ఇండోనేషియాలకు చెందిన ఒక్కొక్క జంటను, దక్షిణ కొరియాకు చెందిన రెండు జంటలను పోటీ నుండి తొలగించారు. జ్వాల, అశ్విని మాత్రం తమ గ్రూపులో రెండు ఆటలు గెలిచి కూడా పాయింట్ల తేడా వల్ల ముందుకు వెళ్ళలేకపోయారు. మన చిన్న పోటీలకు కూడా ఇందులో పాఠం ఉంది. జట్లు సమానంగా నిలిస్తే ఎవరు ముందో మొదటి రోజే అందరికీ చదివి వినిపించండి. సెమీఫైనల్‌లో ఎవరితో ఎవరు అన్నది లీగ్ ఆటలు ముగిశాక చీటీలు తీసి తేల్చండి.

మైదానంలో గుర్తుంచుకోవలసినవి

- పట్టిక పక్కనే నీళ్ళ సమయం కూడా రాయండి. ఆటలో ప్రతి 15–20 నిమిషాలకు ఒకసారి నీళ్ళు తాగించండి.
- ఓఆర్ఎస్ పొట్లాలు లేకపోతే కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి.
- పిక్కలు పట్టడం, తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం కనిపిస్తే ఆట ఆపి నీడకు చేర్చండి. ఆ రోజుకు మళ్ళీ ఆడించవద్దు.
- ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ. ప్రాణాపాయం. వెంటనే 108కు ఫోను చేయండి. బండి వచ్చేలోపు ఒంటిమీద నీళ్ళు పోసి విసరండి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో మంచు గడ్డలు పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.
- చక్కెర వ్యాధి, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు పేరు ఇచ్చే ముందే వైద్యుని అడగాలి. ఛాతీలో నొప్పి వస్తే "ఇంకో పాయింటే" అని ఆగవద్దు.

ఆ రెండవ ఏడు పోటీల్లో మా తమ్ముడు మళ్ళీ రెండు ఆటలకూ పేరు ఇచ్చాడు. వాళ్ళ అమ్మగారు ముందే వచ్చి, "ఈసారి వాడి ఆటలు ఏ వేళల్లో పడ్డాయో చూపించండి" అన్నారు. పట్టిక తీసి ఆవిడ చేతిలో పెట్టాము. కొడుకు పేరు ఉన్న ప్రతి చోటా వేలుపెట్టి, మధ్యలో ఎంత వ్యవధి ఉందో లెక్కపెట్టుకున్నారు. తరువాత తల ఊపి, నీళ్ళ సీసా అతడి చేతికిచ్చి గట్టు మీద కూర్చున్నారు.

ఈ వేసవిలో పోటీలు పెట్టేవారికి మా మనవి ఒక్కటే. మీ పట్టికను గోడకు అంటించే ముందు ఒక తల్లికి చూపించండి. ఆమె అడిగే ప్రశ్నలకు అందులో జవాబు ఉంటేనే ఈల ఊదండి.