నోటరీ ముద్ర పడిన కాగితము – భూమి హక్కు

నెక్కొండ ప్రాంతపు రైతు ఒకరు ప్రత్తి, మిరప అమ్మిన సొమ్ముతో అరెకరము భూమి కొన్నారనుకొందము. అమ్మినవాడు తెలిసినవాడే. స్టాంపు కాగితముపై వ్రాత ముగిసినది. సాక్షులు సంతకములు చేసినారు. నోటరీ ముద్రయు పడినది. ఇక భూమి తనదైనదని రైతు నమ్మును. చట్టము అట్లు చెప్పదు.

నోటరీ అనగా 1952 నాటి నోటరీల చట్టము క్రింద ప్రభుత్వము నియమించిన వ్యక్తి. సాధారణముగా అనుభవజ్ఞుడైన న్యాయవాది. ఫలానా మనిషి తన యెదుట సంతకము చేసినాడని ధ్రువపరచుట, ప్రమాణము చేయించుట, అసలుతో సరిచూచి నకలును ధ్రువీకరించుట ఆయన పనులు. అమ్మినవానికి ఆ భూమిపై హక్కు కలదా, దానిని ముందే మరొకరికి అమ్మినాడా, బ్యాంకులో కుదువ పెట్టినాడా అను సంగతులు ఆ ముద్ర చెప్పదు.

1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 17వ సెక్షను ప్రకారము 100 రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయ పత్రము తప్పక రిజిష్టరు కావలెను. కానిచో ఆ పత్రము వలన హక్కు సంక్రమింపదని 49వ సెక్షను చెప్పుచున్నది. తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను 2020 నుండి తహశీల్దారు కార్యాలయములోనే జరుగుచున్నది. నెక్కొండ రైతు దూరము పోనక్కరలేదు.

సాదా బైనామాల సంగతి వేరు. 2014 జూన్ 2కు ముందు తెల్ల కాగితముపై కొని, అనుభవములో ఉండి, 2020 అక్టోబరు, నవంబరు నెలలలో దరఖాస్తు పెట్టిన చిన్న, సన్నకారు రైతులకు 2025 నాటి భూభారతి చట్టము ఒక దారి చూపినది. తరువాత కొన్నవారికి, నోటరీ ముద్ర ఉన్నను, ఆ దారి లేదు.

అట్లని నోటరీతో పని లేదనుకొనరాదు. పాసు పుస్తకము పోయినపుడు, రికార్డులలో పేరు రెండు విధములుగా పడినపుడు కార్యాలయములు కోరు ప్రమాణ పత్రమును ఆయన వద్ద చేయించుకొనవచ్చును. విదేశమందున్న కుమారుడు భూమి పనికై పంపు అధికార పత్రమును అచ్చటి నోటరీ గాని, భారత రాయబార కార్యాలయము గాని ధ్రువీకరింపవచ్చును. అది ఇచ్చటికి చేరిన మూడు నెలలలోపల స్టాంపు వేయించవలెను.

ఏ కాగితమైనను ఖాళీలు విడువక, చదివించుకొని విని, నోటరీ యెదుటనే సంతకము చేయవలెను. ఆయన రిజిష్టరులో నమోదైనదీ లేనిదీ చూచుకొనవలెను. మనిషి పోక కాగితము మాత్రమే పంపి ముద్ర వేయించుకొను అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. అది ముద్ర కాదు, మసి.

ఇప్పటికే నోటరీ కాగితముపై సొమ్ము చెల్లించినవారు, అమ్మినవాడు బ్రతికియుండగానే, మాటపై నిలిచియుండగానే, ఆయనను తహశీల్దారు కార్యాలయమునకు తోడ్కొనిపోయి విక్రయ పత్రము రిజిష్టరు చేయించుకొనవలెను. ఆయన గతించినచో వారసులందరి సంతకములకై తిరుగవలసివచ్చును.