పంపే హక్కు, అప్పగించే గడువు

విదేశీ మిషనరీ వీసా పొడిగించలేదన్న వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర రెండు మాటలే వినిపిస్తాయి. మతం మార్చడానికి వచ్చినవాడు పోవలసిందేనని కొందరు, సేవ చేసేవాణ్ణి వెళ్లగొట్టారని కొందరు. అసలు అడగవలసింది ఎవరూ అడగరు: ఆ మనిషి నడిపిన ఆసుపత్రి, బడి, హాస్టలు మర్నాటి నుంచి ఎవరి చేతిలో ఉంటాయి? అక్కడ వైద్యం చేయించుకునేవాళ్లూ చదువుకునేవాళ్లూ మన పౌరులే కదా. ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే బరంపురం, గంజాం ప్రాంతాలు మంచి చోటు. రెండు వందల ఏళ్లుగా ఇక్కడికి మిషనరీలు వస్తూనే ఉన్నారు, కొందరు అనుకోకుండా తిరిగి వెళుతూనే ఉన్నారు. విదేశీయుణ్ణి పంపేసే హక్కు ప్రభుత్వానికి ఉంది. కానీ కారణం చెప్పి, పని అప్పగించే గడువు ఇచ్చి పంపడం దాని బాధ్యత. ఆ అప్పగింతకు మొదటి నుంచీ సిద్ధంగా ఉండటం మిషన్ బాధ్యత.

అనుమతి తగాదా వీసాల కాలంలో పుట్టింది కాదు. 1793లో విలియం కేరీ ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా డెన్మార్క్ ఓడలో బెంగాల్ చేరాడు. తర్వాత డేన్ల ఏలుబడిలో ఉన్న శ్రీరాంపురంలో తలదాచుకున్నాడు. 1812లో కలకత్తాలో దిగిన అమెరికన్ అడోనిరామ్ జడ్సన్‌ను కంపెనీ వెళ్లిపొమ్మంది. మరుసటి ఏడు మద్రాసు చేరినా అక్కడా అదే భయం వెంటాడటంతో అతను రంగూన్ వెళ్లిపోయాడు. 1806లో వేలూరు సిపాయిల తిరుగుబాటు చూసిన కంపెనీకి మతం జోలికి వెళితే రాజ్యమే కదులుతుందన్న గుబులు పట్టుకుంది. ఆ గుబులు పూర్తిగా అకారణమని అనలేం. 1813 చార్టర్ చట్టం లైసెన్సు మీద మిషనరీలకు దారి తెరిచింది, 1833 నాటి చట్టం ఆ లైసెన్సు అవసరాన్ని కూడా తీసేసింది.

ఆ దారిలోనే 1822లో జనరల్ బాప్టిస్టులు విలియం బాంప్టన్, జేమ్స్ పెగ్స్ కటకం చేరారు. ఒరిస్సాలో వాళ్ల మిషన్ ఇచ్చిన మొదటి బాప్తిస్మం జరిగింది బరంపురంలో, 1827 డిసెంబరు 25న. తీసుకున్నవాడు ఎరన్ అనే తెలుగువాడు. మరుసటి ఏడాది గంగాధర్ సారంగి చేరి ఆ మిషన్‌కు తొలి ఒడియా బోధకుల్లో ఒకడయ్యాడు. ఈలోగా పెగ్స్ ఆరోగ్యం చెడి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. అక్కడ ఊరుకోలేదు. సతీ సహగమనం మీదా, పూరీ యాత్రికుల నుంచి కంపెనీ వసూలు చేసే పన్ను మీదా పుస్తకాలు రాసి బ్రిటన్ జనాన్ని కదిలించాడు. 1829లో సతి నిషేధానికి గురైంది, 1840లో యాత్రా పన్ను రద్దయింది. రెండూ పెగ్స్ ఒక్కడి వల్ల జరిగాయనడం తప్పు. ఆ ఒత్తిడిలో అతని వాటా ఉంది. అతని తర్వాత వచ్చిన ఏమస్ సట్టన్ కథ మనకు ఇంకా దగ్గరిది. ఒంట్లో బాగోక 1833లో ఒరిస్సా విడిచి అమెరికా వెళ్లిన సట్టన్, అక్కడి బాప్టిస్టుల ముందు తెలుగువాళ్ల మాట ఎత్తాడు. 1835 సెప్టెంబరులో బోస్టన్ నుంచి బయల్దేరిన లూవ్ర్ అనే ఓడలో ఒరిస్సాకు తిరిగి వస్తున్న సట్టన్‌తోపాటు శామ్యూల్ డే కూడా ఉన్నాడు. డే విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసుల మీదుగా 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ అలా మొదలైంది. ఒక మిషనరీ అనుకోకుండా ఇంటిదారి పట్టడం వల్ల ఒరిస్సా పని ఆగలేదు. ఇక్కడ సహచరులున్నారు, స్థానిక బోధకులు ఎదుగుతున్నారు.

అప్పగింతకు వ్యవధి లేని సందర్భం 1914లో వచ్చింది. జర్మనీలోని బ్రెక్లుమ్ మిషన్ 1882 నుంచి జయపురం, కోరాపుట్, సాలూరు, పార్వతీపురం ప్రాంతాల్లో పని చేస్తూ వచ్చింది. యుద్ధం రాగానే ఆ మిషనరీలు శత్రుదేశస్థులయ్యారు. నిర్బంధంలో పెట్టి, 1915-16లో గోల్కొండ అనే ఓడ ఎక్కించి స్వదేశానికి పంపారు. యుద్ధకాలంలో ఏ ప్రభుత్వమైనా జాగ్రత్త పడుతుంది, సరే. కానీ ముప్పై ఏళ్లుగా పెరిగిన బళ్లు, సంఘాలు ఒక్కసారిగా దిక్కులేనివయ్యాయి. అమెరికన్ లూథరన్లు వచ్చి పట్టుకోవలసి వచ్చింది. జయపురం సువార్త లూథరన్ సంఘం తన పేరుతో తాను నిలబడటానికి 1928 దాకా పట్టింది.

నేటి చట్టం ప్రభుత్వం వైపే ఉంది. విదేశీయుణ్ణి పంపే అధికారానికి హద్దు లేదని హాన్స్ ముల్లర్ కేసులో 1955లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1937 నుంచి ఇక్కడే ఉన్న బెల్జియం మిషనరీ లూయీ ద రేత్ కేసులో 1991లో అదే మాట మళ్లీ అంది: ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే రక్షణ విదేశీయులకూ ఉంది గాని, ఈ దేశంలో స్థిరపడే హక్కు పౌరులకే. 2025లో వచ్చిన వలస, విదేశీయుల చట్టం 1946 నాటి చట్టాన్ని తీసేసి ఆ అధికారాన్ని కొనసాగించింది. ఇక బలవంతంగానో ఆశపెట్టో మతం మార్చేవాళ్ల సంగతేమిటంటారు. దానికి ఒడిశాలో 1967 నుంచి చట్టమే ఉంది. నేరం జరిగితే కేసు పెట్టాలి, కోర్టులో రుజువు చేయాలి. టూరిస్టు వీసా మీద వచ్చి ప్రచారం చేస్తే అది నియమభంగమే, సమర్థించను. కారణం చెప్పకుండా పొడిగింపు నిరాకరిస్తే మాత్రం తప్పు చేసినవాడూ చేయనివాడూ ఒకే గాటన పడతారు. భద్రతా కారణాలు బయటపెట్టలేమన్న వాదనకు బలం ఉంది. అలాంటివి పక్కన పెడదాం. మిగతా కేసుల్లో విద్యాసంవత్సరం ముగిసేదాకానో, కొత్త డాక్టరు చేరేదాకానో ఆగితే దేశానికి వచ్చే ముప్పేమిటి?

మిషన్ల తప్పూ చిన్నది కాదు. చెక్కు మీద సంతకం, స్థలం దస్తావేజు, మందుల లైసెన్సు, విదేశీ దాతలతో ఉత్తర ప్రత్యుత్తరాలు ఏళ్ల తరబడి ఒక్క మనిషి దగ్గరే ఉంచుకుంటే, ఆ మనిషి విమానం ఎక్కిన రోజున జీతాలు ఆగుతాయి. ఇది వీసా తెచ్చిన కష్టం కాదు, నమ్మి బాధ్యత పంచని యాజమాన్యం తెచ్చిన కష్టం. స్థానికులకు సామర్థ్యం లేదన్న సాకు గంగాధర్ సారంగి నాడే చెల్లలేదు, ఇప్పుడు అసలు చెల్లదు.

ఇదే ప్రశ్నను అటువైపు నుంచి చూద్దాం. అమెరికాలో ఆర్-1 అనే మతసేవకుల వీసా మీద మన తెలుగు ఫాదర్లు చర్చిల్లో, మన అర్చకులు గుళ్లలో పని చేస్తున్నారు. ఆ వీసా గరిష్ఠంగా అయిదేళ్లే. గ్రీన్‌కార్డు వరుస కదలక గడువు తీరి సామాను సర్దుకోవలసి వచ్చేవాళ్లకు న్యాయం జరగాలని కోరతాం, కోరాలి కూడా. అదే న్యాయాన్ని మన ఊళ్లో ఉన్న విదేశీయుడికీ ఇద్దాం. పొడిగింపు నిరాకరిస్తే రాతపూర్వకంగా కారణం చెప్పండి, జవాబుకు అవకాశం ఇవ్వండి, అప్పగింతకు నెలల గడువు ఇవ్వండి. మిషన్ల పెద్దలు ఆ నోటీసు కోసం ఎదురుచూడకుండా ఈ ఏడాదే సంతకం చేసే అధికారాన్ని ఇక్కడివాళ్ల చేతిలో పెట్టాలి.